తమ్ముడు ప్రొబేషన్‌లో ఉన్నాడు, హైదరాబాదు పనికి పంపవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఒక పల్లె. మా తమ్ముడికి ఇరవై ఏళ్లు. ఒక రైతు పొలంలోని నీటి మోటారు దొంగిలించి పాత ఇనుము కొనే కొట్టులో అమ్మిన కేసులో వాడూ, ఇరవై నాలుగేళ్ల వాడి స్నేహితుడూ దోషులని కోర్టు తేల్చింది. స్నేహితుడి మీద మునుపే ఒక కేసులో శిక్ష పడి ఉండటంతో అతనికి ఆరు నెలల జైలు వేశారు. మావాడిని జైలుకు పంపకుండా, నడవడి చూస్తామని రెండేళ్ల ప్రొబేషన్ మీద వదిలారు. మా మేనమామ జామీను ఉన్నారు. రైతుకు ఆరు వేలు నష్టపరిహారం కట్టమన్నారు, సగం కట్టాం. నెలకోసారి శ్రీకాకుళం వెళ్లి ప్రొబేషన్ అధికారికి కనిపించాలి. ఆరు నెలలు సక్రమంగా వెళ్లాడు. ఇప్పుడు హైదరాబాదులో సెంట్రింగ్ పనికి మేస్త్రీ పిలుస్తున్నాడు. అధికారికి చెబితే వద్దంటారని, చెప్పకుండా వెళ్లి నెలకోసారి రైల్లో వచ్చి కనబడి పోతానంటున్నాడు. మొన్న అమ్మవారి సంబరంలో తాగి తిరిగాడని మామయ్య జామీను వెనక్కి తీసుకుంటానంటున్నారు. ఊళ్లో వాళ్లు ‘పెరోల్ మీద వచ్చినోడు’ అంటున్నారు, డబ్బిచ్చి బయటపడ్డామని కూడా అంటున్నారు. వాడికి పోలీసు ఉద్యోగం మీద ఆశ ఉండేది. ఇక ఏ ఉద్యోగానికీ పనికిరాడా? మా నాన్న లేరు. ఏం చేయాలో చెప్పగలరు.
— ఒక అక్క

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మోటారు దొంగతనమూ కాదు, సంబరంలో తాగిన సంగతీ కాదు. చెప్పకుండా వెళ్లి నెలకోసారి వచ్చి కనబడి పోతానని మీ తమ్ముడు అనుకుంటున్నాడే, ఆ ఆలోచన. ముందు దాన్ని ఆపండి. టికెట్ కొని ఉంటే రద్దు చేయించండి. పనికి వెళ్లకూడదని నేను అనడం లేదు. వెళ్లడానికి చట్టంలోనే దారి ఉంది. ఆ దారి అధికారి గదిలోంచీ, కోర్టులోంచీ వెళుతుంది కాబట్టి రెండు మూడు వారాలు ఆలస్యం కావచ్చు. ఆ ఆలస్యానికి మేస్త్రీ ఆగకపోతే మరో మేస్త్రీ దొరుకుతాడు. కోర్టు మీ తమ్ముడి మీద ఉంచిన నమ్మకం ఒకసారి చెడితే తిరిగి సంపాదించడం అంత తేలిక కాదు.

ఇంట్లో ఉన్న కోర్టు కాగితాలను ఇవాళే బయటకు తీయండి. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టంలోని 4వ సెక్షన్ కింద ఒకరిని పర్యవేక్షణలో ఉంచి వదిలేటప్పుడు, ఆ ఉత్తర్వులోని షరతులను అతనికి వివరించి చెప్పి, ఒక ప్రతిని అతనికీ, జామీనుదారుకూ, ప్రొబేషన్ అధికారికీ కోర్టు తప్పక ఇవ్వాలి. కాబట్టి మీ ఇంట్లోనో, మీ మామయ్య ఇంట్లోనో ఆ ప్రతి ఉండే ఉంటుంది. ఈ జిల్లాలో నేను చూసిన ఇళ్లలో చాలావరకు ఆ కాగితం ప్లాస్టిక్ కవరులో, పట్టాదారు పాసు పుస్తకం కింద, మడత విప్పకుండా ఉంటుంది. దాన్ని విప్పి, ఎక్కడ నివసించాలని రాశారో, మత్తు పదార్థాల జోలికి పోకూడదని రాశారో లేదో, ఎవరితో తిరగకూడదని రాశారో ఒక్కో మాటా చదవండి. నివాసం, మద్యం అనే రెండు విషయాల మీదా షరతులు పెట్టే అధికారాన్ని చట్టం పేరు పెట్టి మరీ కోర్టుకు ఇచ్చింది. ఇంగ్లీషులో ఉండి అర్థం కాకపోతే శ్రీకాకుళం జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు తీసుకువెళ్లండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి. ఉచితంగా చదివి చెబుతారు.

ఇక హైదరాబాదు సంగతి. మన జిల్లా నుంచి పనికి వలస వెళ్లడం కొత్తేమీ కాదు. చెన్నై, హైదరాబాదు కట్టడాల దగ్గర మన పల్లెల యువకులు వందల సంఖ్యలో ఉంటారు. తీర గ్రామాల వారు గుజరాత్‌లోని వేరావల్ దాకా చేపల వేటకు పోతారు. ఇక్కడ పనిచేసే ఏ ప్రొబేషన్ అధికారికైనా ‘సారూ, బయటకు పనికి పోతాను’ అన్న మాట తరచూ వినిపించేదే. అధికారి వద్దంటారనే భయంతో ముందే దాచిపెట్టడం వల్లనే చాలా కేసులు చెడిపోయాయి.

చట్టం ఏం చెబుతుందో వినండి. పర్యవేక్షణ ఉత్తర్వులో పేరున్న అధికారి బదులు మరో అధికారిని నియమించే అధికారం ఆ ఉత్తర్వు ఇచ్చిన కోర్టుకూ, ఆ మనిషి ప్రస్తుతం నివసిస్తున్న జిల్లా మేజిస్ట్రేటుకూ ఉంది. అంటే మీ తమ్ముడు హైదరాబాదులో ఉంటే అక్కడి అధికారి పర్యవేక్షణలో కొనసాగడానికి వీలుంది. ప్రతి నెలా రాత్రంతా రైల్లో నిలబడి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో దిగి, సంతకం పెట్టి, మళ్లీ రాత్రి రైలు ఎక్కాల్సిన అవసరం లేకుండా పోవచ్చు. నివాసం గురించి ఉత్తర్వులో షరతు ఉంటే దాన్ని మార్పించాలి. ఆ మార్పు కోసం కోర్టుకు దరఖాస్తు పెట్టవలసింది ప్రొబేషన్ అధికారే. అందుకే ఆయనకు తెలియకుండా ఏదీ సాగదు. అక్కడ దగ్గరలో అధికారి అందుబాటులో లేకనో, పని చోటు నమ్మదగినదిగా కనిపించకనో కోర్టు వద్దనవచ్చు కూడా. అప్పుడు ఆ మాట వినక తప్పదు.

అధికారి దగ్గరకు ఉత్త చేతులతో వెళ్లకండి. మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, కట్టడం జరుగుతున్న చోటు, రాత్రిపూట ఎక్కడ పడుకుంటాడో ఆ చిరునామా, మన ఊరి వాళ్లు ఇంకెవరు అక్కడున్నారో, జీతం ఎలా ఇస్తారో ఒక తెల్ల కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. సెంట్రింగ్ పనిలో ఒక చిక్కు ఉంది. స్లాబు పడగానే మకాం మారుతుంది. ఇవాళ ఒక చోట రేకుల షెడ్డు, నెల తిరిగేసరికి ఇరవై కిలోమీటర్ల అవతల మరో షెడ్డు. మకాం మారిన ప్రతిసారీ అదే రోజు అధికారికి ఫోన్ చేసి చెబుతానని మీ తమ్ముడు ముందుగానే ఒప్పుకోవాలి. ఇది కుదరదనుకుంటే ఒకే చోట స్థిరంగా ఉండే పని చూసుకోవడం మేలు. ఆ పని వెతకడంలో సహాయం అడిగే హక్కు కూడా అతనికుంది, ఎందుకంటే పర్యవేక్షణలో ఉన్నవారికి అవసరమైతే తగిన ఉపాధి దొరికేలా ప్రయత్నించడం ప్రొబేషన్ అధికారి విధుల్లో ఒకటని 14వ సెక్షన్ చెబుతోంది. ఈ సంగతి తెలిసి అడిగేవారు చాలా తక్కువ. మీరు అడగండి.

కొన్నేళ్ల కిందట నేను కళ్లారా చూసిన ఒక సంగతి చెబుతాను. పలాస ప్రాంతపు కుర్రవాడొకడు, కొట్లాట కేసులో ప్రొబేషన్ మీద ఉన్నవాడు, నెలవారీ హాజరుకు వచ్చాడు. అధికారి పెద్దమనిషి. పనికి వెళుతున్నావా అని అడగలేదు. చేతులు చూపించమన్నారు. ఆ కుర్రవాడు సిగ్గుపడుతూ అరచేతులు తిప్పి చూపించాడు. జీడిపిక్కల నూనె పట్టి వేళ్ల కొసలు నల్లగా, అక్కడక్కడ తోలు లేచి ఉన్నాయి. అధికారి ఆ వేళ్లనే కాసేపు చూసి, పని చేసేటప్పుడు చేతులకు ఏదైనా రాసుకుంటున్నావా, బూడిదైనా పూసుకో అన్నారు. రిజిస్టరులో ఏదో రాసుకుని, అమ్మ ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. అంతే, ఆ నెల హాజరు అయిపోయింది. పర్యవేక్షణ అంటే పోలీసు నిఘా అనుకుని భయపడే కుటుంబాలకు నేను ఎప్పుడూ ఈ సంగతే చెబుతాను. అధికారులందరూ ఆయనలా ఉంటారని నేను హామీ ఇవ్వలేను. కానీ చట్టం కోరుకున్న అధికారి మాత్రం అలాంటివాడే.

ఇప్పుడు చెప్పకుండా వెళితే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. షరతు తప్పాడని అధికారి నివేదిక ద్వారా గానీ మరో విధంగా గానీ కోర్టుకు నమ్మకం కలిగితే, వారంటు ఇచ్చి పట్టుకురమ్మనవచ్చు, లేదా అతనికీ జామీనుదారుకూ సమన్లు పంపవచ్చు. విచారించాక తప్పు నిజమని తేలితే పాత నేరానికే, అంటే ఆ మోటారు దొంగతనానికే, శిక్ష వేయవచ్చు. మొదటిసారి తప్పితే బాండును, అంటే షరతులు పాటిస్తానని కోర్టుకు రాసిచ్చిన పత్రాన్ని, అలాగే ఉంచి, యాభై రూపాయలకు మించని జరిమానాతో వదిలే వెసులుబాటు 9వ సెక్షన్‌లో ఉంది. ఆ యాభై 1958లో రాసిన యాభై. డబ్బుగా చూస్తే ఏమీ కాదు. కానీ అది మొదటిసారికే. పైగా అలాగే వదలాలా, జైలుకు పంపాలా అన్నది కోర్టు నిర్ణయం, మన లెక్క కాదు. నెలకోసారి వచ్చి కనబడి, ఊళ్లోనే ఉన్నానని అబద్ధం చెప్పినవాడి మీద ఏ మేజిస్ట్రేటుకైనా జాలి కలుగుతుందని నేననుకోను.

మీ మామయ్య విషయానికి వస్తాను. ఆయన కోపం న్యాయమైనదే, దాన్ని తీసిపారేయకండి. మేనల్లుడి కోసం కోర్టు గదిలో నిలబడి సంతకం పెట్టిన మనిషి, వాడు సంబరంలో తూలుతూ తిరగడం నలుగురి మధ్య చూసినప్పుడు ఆయన పరువు ఏమై ఉంటుందో ఊహించండి. జామీను నుంచి తప్పించమని కోర్టును కోరే అవకాశం ఆయనకు ఉంది. ఆయన అలా కోరితే మీ తమ్ముడు కొత్త జామీనుదారును తెచ్చుకోవాలి, తేలేకపోతే ఇబ్బందిలో పడతాడు. ఇంకో సంగతి కూడా ఉంది. హైదరాబాదు కోసం షరతులు మార్పించాలన్నా, కోర్టు మీ తమ్ముడితో పాటు జామీనుదారు మాట కూడా వినాలి. ఆయన సమ్మతించకపోతే కొత్త బాండు రాయించుకోమనవచ్చు. కాబట్టి మామయ్య సమ్మతి లేకుండా హైదరాబాదు వెళ్లడం కష్టమే. మీ తమ్ముడే స్వయంగా ఆయన ఇంటికి వెళ్లి, మీరు పక్కన లేకుండా, సంబరం నాడు తప్పు చేశానని ఒప్పుకోవాలి. ఆడపడుచులు మధ్యవర్తిత్వం చేసి తెచ్చే క్షమాపణ మన ఇళ్లలో ఒక పూట సర్దుబాటుకు పనికొస్తుంది గానీ, జామీను సంతకానికి పనికిరాదు. మద్యం మీద షరతు ఉత్తర్వులో ఉన్నట్లయితే, సంబరం సంగతిని అధికారికి కూడా అతనే చెప్పడం మంచిదని నా అభిప్రాయం. ఊళ్లో అందరూ చూసిన విషయం శ్రీకాకుళానికి చేరదని అనుకోవడం అమాయకత్వం. ఎవరి నోటనో వినే ముందు అతని నోటనే వింటే, ఆ అధికారి నివేదికలో రాసే మాట వేరుగా ఉంటుంది.

ఈ పద్ధతి పుట్టిందే ఒక జామీనుదారు చేతుల్లో అని మామయ్యకు చెప్పండి. 1841లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే వ్యాపారి, తాగుబోతుతనం కింద కోర్టుకు తెచ్చిన ఒక మనిషికి తన సొంత పూచీ మీద విడుదల ఇప్పించి, కొన్ని వారాల తర్వాత మారిన మనిషిగా మళ్లీ న్యాయమూర్తి ముందు నిలబెట్టాడు. అతను ఏ ప్రభుత్వ ఉద్యోగీ కాదు. ఆ తర్వాత చనిపోయేదాకా వందలాది మందికి అలాగే పూచీ పడ్డాడు. జీతం తీసుకునే ప్రొబేషన్ అధికారులు, రిజిస్టర్లు, చట్టాలు ఆ తర్వాత వచ్చినవే. అధికారి నెలకోసారి చూస్తారు, మామయ్య రోజూ చూస్తారు. ఈ వ్యవస్థలో ఆయన స్థానం చిన్నదేమీ కాదు.

ఊళ్లో వాళ్లు అంటున్న ‘పెరోల్’ అనే మాట తప్పు. జైల్లో శిక్ష అనుభవిస్తున్న ఖైదీకి, ఇంట్లో చావో, పెళ్లో, తీవ్రమైన జబ్బో ఉన్నప్పుడు కొన్ని రోజుల పాటు ఇచ్చే సెలవు లాంటిది పెరోల్. గడువు తీరిన రోజు అతను మళ్లీ జైలు గేటు దగ్గర హాజరు కావాలి, రాకపోతే అది వేరే తప్పవుతుంది. మంచి నడవడి ఉన్న ఖైదీలకు నియమిత కాలం తర్వాత ఇచ్చే ఫర్లో అనే సెలవు ఇంకొకటి. కొన్ని విదేశాలలో పెరోల్ అంటే మిగిలిన శిక్షాకాలమంతా జైలు బయట పర్యవేక్షణలో గడపడం, అందువల్ల సినిమాలు చూసేవారికి పెరోలూ, ప్రొబేషనూ కలగాపులగం అవుతాయి. మీ తమ్ముడు జైలు నుంచి వచ్చినవాడు కాడు. దోషి అని తేల్చినా, శిక్ష వేయకుండా ఆపి, రెండేళ్ల నడవడి చూస్తామని కోర్టు చెప్పింది. దీన్ని ఊరందరికీ వివరించే పని పెట్టుకోకండి. మీ తమ్ముడికి మాత్రం స్పష్టంగా తెలిసి ఉండాలి.

డబ్బిచ్చి బయటపడ్డారన్న నింద బాధాకరమైనది. ఒకే దొంగతనంలో ఒకరికి జైలు, ఒకరికి ఇల్లు అంటే పల్లెలో అనుమానం రావడం సహజమే. కారణం వయసులోనూ, పాత చరిత్రలోనూ ఉంది. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారు యావజ్జీవ శిక్షకు తగినంత తీవ్రం కాని నేరం చేసినప్పుడు, ప్రొబేషన్ ఎందుకు తగదో కారణాలు రాసిగాని జైలుకు పంపకూడదనీ, అందుకు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలనీ 6వ సెక్షన్ కోర్టును కట్టడి చేసింది. తీర్పుకు ముందు ఒక అధికారి మీ ఇంటికి వచ్చి, ఇరుగుపొరుగును, బడి పంతులును అడిగి వెళ్లి ఉంటారు. అది ఈ నివేదిక కోసమే. స్నేహితుడికి ఇరవై నాలుగేళ్లు, పైగా ముందే ఒక శిక్ష. ఈ చట్టాన్ని కుర్రవాళ్ల విషయంలో ఉదారంగా అన్వయించాలని 1960లలోనే సుప్రీంకోర్టు రతన్‌లాల్ కేసులో చెప్పింది. పదహారేళ్ల కుర్రవాడి కేసు అది. కింది కోర్టులో జరగని పనిని అప్పీలులో కూడా చేయవచ్చని మెజారిటీ తీర్పు రాసినవారు మన రాజమండ్రి ప్రాంతం నుంచి వెళ్లి, తర్వాత దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారు. తెలిసీ తెలియని కుర్రతనంలో చేసిన తప్పుకు, ముదిరిన నేరస్థుల మధ్య పడేయడమే మందు కాదన్నది ఈ చట్టం వెనక ఉన్న ఎరుక. దాంతో నేను మనస్ఫూర్తిగా ఏకీభవిస్తాను.

అయితే ఆ రైతును మరచిపోవద్దు. మోటారు పోయిన రోజుల్లో ఆయన మడి ఎండి ఉంటుంది. కోర్టు 5వ సెక్షన్ కింద వేసిన ఆరు వేలలో మిగిలిన మూడు వేలు, ఇంట్లో మరే ఖర్చు ఉన్నా ముందుగా కట్టండి. కోర్టు చెప్పిన విధంగానే కట్టి రసీదు తీసుకోండి. హైదరాబాదు అనుమతి అడిగే రోజున ఆ రసీదు చేతిలో ఉంటే ఎంత బలమో మీకే తెలుస్తుంది. ఊళ్లో నోళ్లు మూతపడే మార్గం కూడా నాకు తెలిసి ఇదొక్కటే.

ఉద్యోగం గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. 4వ సెక్షన్ కింద వదిలినవారికి, దోషి అని తేలినందువల్ల వేరే చట్టాల కింద కలిగే అనర్హత ఏదీ వర్తించదని 12వ సెక్షన్ అంటోంది. మళ్లీ పాత నేరానికే శిక్ష పడితే మాత్రం ఆ రక్షణ పోతుంది. ఈ రక్షణ కేసును చెరిపివేయదు. దోషి అన్న తీర్పు అలాగే ఉంటుంది. దరఖాస్తులో ‘మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసు ఉందా, దోషిగా తేలారా’ అని అడిగితే ఉందని రాసి, ప్రొబేషన్ ఉత్తర్వు జతచేయాలి. దాచిపెట్టి చేరి, తర్వాత బయటపడి ఉద్యోగం పోగొట్టుకున్నవారున్నారు. అడిగిన వివరాలు నిజంగా చెప్పి తీరాలనీ, చెప్పాక ఆ కేసు స్వభావాన్ని బట్టి యజమాని నిర్ణయం తీసుకోవచ్చనీ 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పోలీసు ఉద్యోగానికి పూర్వచరిత్ర విచారణ కఠినంగా ఉంటుంది, అందులో దొంగతనం కేసు పెద్ద అడ్డంకే. ఆ ఆశ మీద అతని చదువూ, వయసూ ఖర్చు చేయవద్దని నా సలహా. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, వెల్డింగ్ లాంటి పనులు, ప్రైవేటు ఉద్యోగాలు, సొంత వ్యాపారం అన్నీ అతనికి తెరిచే ఉన్నాయి.

మరో మంచి మాట కూడా ఆ చట్టంలోనే ఉంది. నడవడి బాగుండి, ఇక పర్యవేక్షణ అవసరం లేదని అధికారి భావిస్తే, రెండేళ్లు నిండకముందే బాండు నుంచి విముక్తి ఇమ్మని కోర్టును ఆయన కోరవచ్చు. దాన్ని ఇప్పుడే అడగకండి. సంబరం సంగతి చల్లారి, పరిహారం పూర్తిగా కట్టి, ఏడాది పాటు హాజరు తప్పకుండా ఉన్నాక అడగవచ్చు. అందుకోసం ఒక నోటుపుస్తకం పెట్టండి. హాజరైన తేదీ, అధికారితో మాట్లాడిన విషయం, కట్టిన డబ్బు, పనిచేసిన చోటు మీ తమ్ముడి చేతే రాయించండి.

ఈ వారంలో చేయవలసింది ఇది: ముందు మామయ్య ఇంటికి తమ్ముడు ఒంటరిగా వెళ్లాలి. తర్వాత వచ్చే హాజరు తేదీ దాకా ఆగకుండా ఒక పనిదినం ఉదయాన, మామయ్యను వెంటబెట్టుకుని, కోర్టు ఉత్తర్వు, పరిహారం రసీదు, ఆధార్ నకలు, మేస్త్రీ వివరాలు రాసిన కాగితం తీసుకుని అధికారిని కలవాలి. పదకొండు దాటితే ఆయన కోర్టుకు వెళ్లిపోవచ్చు, కాబట్టి కాస్త పెందలకడే బయలుదేరమనండి. అధికారి ఏమన్నారో, కోర్టు ఏమందో నాకు మళ్లీ రాయండి.